మోకాలు నాది, జవాబు నాయనది

నా కుడి మోకాలి మీద జానెడు మచ్చ ఉంది. పెళ్లిచూపులకొచ్చిన వాళ్ల నుంచి నిన్నమొన్న మా వీధిలోకి కొత్తగా వచ్చిన ఆమె దాకా, దాని సంగతి తెలిసినవాళ్లందరూ ఒకటే అడిగారు: బండి మీద నుంచి పడ్డావా అని. పడలేదు. చెడుగుడు ఆడి మోకాలు పోగొట్టుకున్నాను, పోట్లాడి బాగు చేయించుకున్నాను. ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతోంది. ఈ వయసులో కూడా నేను మెట్లు రెండేసి ఎక్కుతాను. చూసేవాళ్లకు భయమేస్తే కళ్లు మూసుకోవచ్చు.

మాది ఆళ్లగడ్డ. నాయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు, ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే పెద్దమనిషి. ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. చెడ్డవాడు కాదు, కొట్టేవాడు కాదు. కాని ఏ విషయమైనా ఒకసారి తేల్చేశాడంటే మళ్లీ దాని జోలికి పోయేవాడు కాదు. ఆడపిల్లల సంగతి కూడా అట్లాగే తేల్చేశాడు. పెద్దమనిషి అయ్యేదాకా ఏ ఆటైనా ఆడుకోవచ్చు, ఆ తర్వాత ఓణీ, ఇల్లు, చదువు. అంతే.

మా చర్చివాళ్లు పెద్దమనిషి అయిన పిల్లను మూల కూర్చోబెట్టరు, అంటూ ముట్టూ పాటించరు. అదంతా అజ్ఞానమని బోధకులు చెప్పేవారు. కాని కుర్చీ వేయడం, ఓణీ కట్టడం, వీధివీధంతా పిలిచి భోజనాలు పెట్టడం మాత్రం మానలేదు. భోజనాలకు ముందు ఒక ప్రార్థన పెట్టి, దాన్నే తేడా అనుకునేవారు. మా అక్క సైకిలు నేర్చుకుని నాలుగు నెలలు కాలేదు, కుర్చీలో కూర్చోబెట్టారు. మరుసటి రోజు నుంచి ఆ సైకిలు మీద నాయన బడికి పోయేవాడు. అక్క రెండు రోజులు ఏడ్చి ఊరుకుంది. నాకు మాత్రం ఆ కోపం ఈనాటికీ పోలేదు.

నా వంతు ఎనిమిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల్లో వచ్చింది, అదీ లెక్కల పరీక్షనాడు. కడుపునొప్పి అని చెప్పి సగంలో లేచి ఇంటికి పరుగెత్తాను. అమ్మ చూసింది, తలుపు గడియ పెట్టింది, కాసేపు మంచం పట్టె మీద కూర్చుంది. అమ్మ పెద్దగా చదువుకోలేదు, ఎవరినీ ఎదిరించి మాట్లాడే మనిషి కాదు. నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. కుర్చీ ఎప్పుడు వేస్తారో, నా ఆట ఏ రోజుతో ఆగిపోతుందో చెబుతుందనుకున్నాను.

"పోటీలెప్పుడుండాయి నీకు?" అంది.

"వచ్చే నెల. కోయిలకుంట్లలో."

"సరే. నోరు మూసుకోనుండు."

అంతే, ఇంకో మాట లేదు. ఆ రోజు నుంచి రెండున్నరేళ్లు నా గుడ్డలు ఆమె గుడ్డలతో కలిపి ఉతికి, దండెం మీద తన చీర కింద ఆరవేసింది. చర్చి ఆడవాళ్లు వచ్చి, "ఏందక్కా, నీ చిన్నది ఇంగా కాలేదా?" అంటే, "బక్కది గదా, నిదానంగా అయితాది" అనేది. ఒకామె నా మీద జాలిపడి నువ్వులుండలు చేసి పంపేది, తింటే తొందరగా అవుతుందని. అవి నేనే మొత్తం తినేదాన్ని. నాయనకు కూడా బెంగ పట్టుకున్నట్లుంది, ఒకసారి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, నవ్వు రాకుండా చూడు దేవుడా అని నా ప్రార్థన నేను చేసుకున్నాను.

ఆ రెండేళ్లు నేను ఆడిన ఆట మళ్లీ ఎవరూ ఆడరు. గొప్పలు కాదు, నిజం చెబుతున్నాను. కూత పెట్టి గీత దాటితే ఒకరినో ఇద్దరినో ముట్టి గాని తిరిగి వచ్చేదాన్ని కాదు. నేను సన్నగా ఉండడం వల్ల చేతికి చిక్కేదాన్ని కాదు.

పదో తరగతిలో నంద్యాలలో పోటీలు పెట్టారు. ముందురోజు వాన పడింది, నల్లరేగడి ఇంకా ఆరలేదు. అవతలి జట్టులో చివరి పిల్లను ముట్టి, గిరుక్కున వెనక్కి తిరిగాను. ఒళ్లంతా తిరిగింది, కుడి పాదం మాత్రం నేలలో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. మోకాలి లోపల టప్పుమంది. ఆ చప్పుడు అవతలి పిల్లలకు కూడా వినపడిందని తర్వాత చెప్పారు. పడినదాన్ని పడినట్లే చెయ్యి చాపి గీతను అందుకున్నాను. పాయింటు మాకే ఇచ్చారు. బస్టాండుకు చేరేసరికి మోకాలు కుండంత అయింది.

నంద్యాలలోనే ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక బాగుంది, నెలలో తగ్గిపోతుందన్నాడు. తగ్గలేదు. బండి ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో కట్టు కట్టే ముసలాయన ఉంటే అక్కడికి తీసుకుపోయారు. ఆయన కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, నలభై రోజులు కట్టి ఉంచాడు. విరిగిన చేతులూ కాళ్లూ ఆయన దగ్గర ఎన్నో అతుక్కున్నాయి, ఆ మాట కాదనను. కాని నాకు విరిగింది ఎముక కాదు. కట్టు విప్పేసరికి తొడ సగానికి సగం సన్నబడింది, మోకాలు మాత్రం బాగుపడలేదు.

అది ఎట్లా ఉండేదో చెప్పడం కష్టం. నొప్పి కాదు. నడుస్తూ నడుస్తూ ఉంటే కాలు నాది కాకుండా పోయేది. బస్సు మెట్టు మీద, ఇంటి గడప దగ్గర, ఎక్కడైనా సరే, పక్కకు తిరిగితే చాలు, కింది ఎముక జరిగి కూలబడేదాన్ని. లేచి నిలబడితే మళ్లీ మామూలే. అందుకే ఎవరూ నమ్మలేదు.

"బొమిక బాగుందని డాక్టరే జెప్పె. ఇంగ కాలికేమొచ్చింది దీనికి?" అన్నాడు మా ఆటల సారు. పదో తరగతి పరీక్షల భయంతో నటిస్తున్నానని నాయన అనుకున్నాడు. ఒకరోజు క్లాసులో లెక్క చేయమని నన్ను బోర్డు దగ్గరికి పిలిచాడు. చేశాను. సుద్దముక్క పెట్టేసి పక్కకు తిరిగాను. మోకాలు జారింది, దబ్బున పడ్డాను. పిల్లలు నవ్వారు. నాయన నవ్వలేదు. ఆ ఎముక ముందుకు జరిగి వెనక్కి రావడం ఆయన రెండడుగుల దూరం నుంచి చూశాడు. ఆ సాయంత్రమే తనకు తెలిసిన ఒక డాక్టరు దగ్గరికి పోయి, మద్రాసులో ఒక పెద్దాసుపత్రికి ఉత్తరం రాయించుకుని వచ్చాడు.

పరీక్షలు అయిపోయాక ఎండాకాలంలో బయలుదేరాం. మంచంలో ఉన్న జేజిని, అదే మా నాయనమ్మను, విడిచి అమ్మ రాలేకపోయింది. నాయనా నేనూ కడపకు బస్సులో, అక్కడి నుంచి రైలులో పోయాం. అమ్మ రాకపోవడం ఎంత పని చేస్తుందో అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

మద్రాసు డాక్టరుకు తెలుగు వచ్చు, తమిళం కలిసిన తెలుగు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, నా పాదం మీద తాను కూర్చుని, కింది ఎముకను రెండు చేతులతో ముందుకు లాగాడు. అది సొరుగు లాగినట్లు వచ్చేసింది. నాయన మొహం తిప్పుకున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, సంతోషంతో. ఎనిమిది నెలల తర్వాత ఒక మనిషికి నా మాట నిజమని తెలిసింది.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. మోకాలి లోపల రెండెముకల్నీ పట్టి ఉంచే పట్టీ తెగిపోయింది, దాన్ని కుడితే అతకదు. మోకాటి చిప్ప కింద ఉన్న గట్టి పట్టీలోంచి ఒక చీలిక తీసి, ఎముకలకు రంధ్రాలు వేసి, ఆ దారిలో బిగించాలి. పెద్దవాళ్లయితే రేపే చేస్తాను, ఈ పిల్లకే చిక్కు వచ్చింది అన్నాడు. పిల్లల ఎముక చివర ఎదిగే పొర ఒకటి ఉంటుందట. రంధ్రం ఆ పొరలోంచే పోవాలి. ఎదుగుదల ఇంకా మిగిలుంటే ఆ కాలు పొట్టిదైనా అవుతుంది, వంకరైనా పోతుంది. అట్లాగని ఆగితే, జారినప్పుడల్లా రెండెముకల మధ్య ఉన్న మెత్త చిరుగుతుంది. రెండేళ్లు ఆగితే బాగుచేయడానికి ఏమీ మిగలకపోవచ్చు.

నా మణికట్టు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు. "దీంట్లో అటూ ఇటూ తేలడం లేదు" అని నాయన వైపు తిరిగాడు. "పెద్దమనిషి అయిన రెండేళ్లకు ఆడపిల్లల ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అమ్మాయి అయిందా? ఎన్నేళ్లయింది?"

"ఇంకా కాలేదు సార్" అన్నాడు నాయన.

డాక్టరు కలానికి మూత పెట్టేశాడు. "అయితే ఇప్పుడు ముట్టుకోను. రెండేళ్లయ్యాక తీసుకురండి. అప్పటిదాకా ఆటలు లేవు, మెట్లు లేవు."

కాలు నాది. తెగింది నాది. పెద్దమనిషి అయిందీ నేనే. ఆ గదిలో నేను తప్ప అందరూ మాట్లాడారు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ ఏమవుతుందో, ఇంట్లో ఏమవుతుందో ఆలోచించలేదని అబద్ధం చెప్పను. ఆలోచించాను. ఆలోచించే నోరు తెరిచాను.

"అయింది సార్. రెండున్నరేండ్లయింది."

డాక్టరు నన్ను చూశాడు, తర్వాత నాయనను చూశాడు. డాక్టరు గొంతు తగ్గించి, "బాగా ఆలోచించుకోండి. ఆపరేషన్ కోసం పిల్ల అబద్ధం చెబుతుంటే ఆ వంకర కాలు జన్మంతా ఉంటుంది. వాళ్లమ్మనడిగి రేపు పొద్దున చెప్పండి. మీరు కాదంటే వార్డులో పిల్లకుంచిన మంచం ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు.

వాళ్లమ్మ ఉన్నది ఆళ్లగడ్డలో. ఇంట్లో ఫోను లేదు. ఉత్తరం పోయి రావడానికి వారం పడుతుంది. మిగిలింది టెలిగ్రాం ఒక్కటే. నాయన నన్ను పోస్టాఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోయి ఫారం తీసుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్నాను. రాశాడు, చించాడు. ఇంకోటి తీసుకున్నాడు, దాన్నీ చించాడు. ఏమని రాస్తాడు? మా ఊళ్లో టెలిగ్రాం తెచ్చే ఆయన మా చర్చి మనిషే. దారిలో కనిపించిన వాళ్లకల్లా చదివి వినిపిస్తూ తెచ్చేవాడు. చిన్న కూతురు పెద్దమనిషి అయిందా, జవాబు పంపు అని నాయన మద్రాసు నుంచి అడిగితే, అమ్మ చేతికి అందేలోపల ఊరంతా జవాబు తయారుచేసి పెడుతుంది.

ఉత్త చేతులతో బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నిజమేనా?"

"నిజమే."

"రెండున్నరేండ్లు అబద్ధమాడిన నోటితో జెప్తాండావు."

"నేను అబద్ధమాడలే నాయనా. నన్నెవురడిగినారు? నువ్వడిగింది అమ్మను. ఆ డాక్టరు అడిగింది నిన్ను. నన్ను ఎవురూ అడగలే."

నాయనతో నేను అట్లా మాట్లాడడం అదే మొదలు. ఎప్పుడూ కొట్టని మనిషే అయినా, ఈసారి చెంప పగులుతుందనుకున్నాను. ఆయన చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి.

"ఎప్పుడైంది?" అన్నాడు నా వైపు చూడకుండా.

"ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షనాడు. సగంలో లేచి పోయినా గదా. నువ్వే గదా ఆ పొద్దు హాల్లో ఉండింది. పేపరు యాడ పెట్టి పోతాండావే అని అరిస్తివి."

ఆయనకు గుర్తుంది. లెక్కల మాస్టరు కూతురు లెక్కల పరీక్షకు భయపడి పారిపోయిందని స్టాఫ్ రూములో నవ్వారట. ఆ అవమానంతో పదిరోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పదిరోజులు ఆయన కళ్ల ముందు తిరుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. నేను జాలిపడలేదు. అప్పుడు నా వయసు పదిహేనున్నర, ఎనిమిది నెలలుగా కూలబడుతున్న కాలు నాది. ఆయన మీద జాలి చాలా ఏళ్ల తర్వాత వచ్చింది.

మరుసటి రోజు పొద్దున డాక్టరు ముందు నాయన సంతకం పెట్టాడు. "వాళ్లమ్మను అడిగారా?" అన్నాడు డాక్టరు. "మా అమ్మాయిని అడిగాను" అన్నాడు నాయన.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, నేను నిద్రలో ఉన్నాను. మెలకువ వచ్చాక కాలు తొడ నుంచి వేళ్ల దాకా పిండికట్టులో ఉంది. నొప్పికి పళ్లు కొరికితే దవడలు వాచాయి. పక్క మంచంలో ఒక అరవ అవ్వ నన్ను చూసి కళ్లొత్తుకునేది. నేను ఏడవలేదు. అడిగి తెచ్చుకున్న నొప్పికి ఏడిస్తే నవ్వుతారని పంతం. నాయన మూడు వారాలు ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. నా జడ ఆయనే వేసేవాడు. ఎంత వంకరగా వేసేవాడంటే, నర్సులు వచ్చి మళ్లీ విప్పి వేసేవారు.

ఇంటికి చేరిన రోజు అమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. రావడానికి ముందే నాయన ఉత్తరంలో అంతా రాశాడట. నన్ను మంచం మీద దించాక ఆయన అమ్మ ఎదురుగా నిలబడ్డాడు. నేను కదల్లేను, చెవులు మూసుకున్నా వినపడుతుంది.

"నాకెందుకు జెప్పలేదు?"

అమ్మ గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. కాని తడబడలేదు. "జెప్పింటే ఆడనిస్తాంటివా?"

ఆయన లెక్కల మనిషి, తప్పు జవాబు రాయడం చేతకాదు.

"లేదు" అన్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తింది చర్చి ఆడవాళ్లే. నన్ను పలకరించడానికి నలుగురు వచ్చి, పిండికట్టు తట్టి చూసి, చివరికి ఒకామె అనేసింది: "పదారేండ్లొస్తాండాయి, ఇంగా పెద్దమనిషే కాకపాయె. ఈ కాలొకటి."

బయట పేపరు చదువుకుంటున్న నాయన అక్కడి నుంచే అన్నాడు: "ఎప్పుడో అయిందిలేమ్మా."

నలుగురూ ముక్కున వేలేసుకున్నారు. "అదేందప్పా, కుర్చీ వేయలే, ఒకర్ని పిలవలే?"

"పిల్లకు తీరిక లే. ఆటల్లో ఉండె."

నువ్వులుండలు పంపిన ఆమె నా వైపు ఒక చూపు చూసింది. అన్ని ఉండలూ తిరిగి అడుగుతుందేమో అనుకున్నాను.

పిండికట్టు తీశాక అసలు కష్టం మొదలైంది. మోకాలు కొయ్యలాగా బిగుసుకుపోయింది. అమ్మ మా ఊరి ఏరు వక్కిలేటి ఇసుక సంచిలో పోసి కుట్టి నా చీలమండకు కట్టేది. పొద్దునా సాయంత్రం దాన్ని ఎత్తాలి, దించాలి. వంగనంటున్న మోకాలిని వంచాలి. అరిచేదాన్ని, అమ్మను తిట్టేదాన్ని. "తిట్టు, ఎత్తు" అనేది. నెలకింత ఇసుక పెంచింది. వీధిలో వాళ్లు ఇంక కుంటిదే అని తేల్చేశారు, ఒకాయన కుంటిపిల్లకు తగిన సంబంధం కూడా తెచ్చాడు. ఆ సంచి విప్పి ఆయన నెత్తిన వేయాలని ఎంతగా అనిపించిందో.

ఏడాదికి మళ్లీ మద్రాసు పోయాం. డాక్టరు తుంటి నుంచి చీలమండ దాకా రెండు కాళ్లనూ టేపుతో కొలిచాడు. ఒకటికి రెండుసార్లు కొలిచాడు. రెండూ సమానం. మోకాలు మడిచి లాగాడు, ఎముక జరగలేదు. "నడకలో ఇప్పుడేమైనా జారుతోందా?" అని నాయననే అడిగాడు, అలవాటు కొద్దీ.

"దాన్నే అడగండి సార్" అన్నాడు నాయన.

జారడం లేదని చెప్పాను. ఆడవచ్చా అని కూడా నేనే అడిగాను. ఆడవద్దనే చెబుతాను, ఆడితే మళ్లీ తెగవచ్చు అన్నాడు. వద్దన్నాడు గాని కుదరదనలేదు గదా అని నాకు నేను అర్థం చెప్పుకున్నాను.

అప్పటికే నంద్యాలలో కాలేజీలో చేరాను. కాలేజీ జట్టులో మొదటిసారి ఆడే రోజు నాయనకు చెప్పే పోయాను, ఇంక దాచడాలు లేవని. మైదానంలో దిగాక చూస్తే బయటి గీత అవతల అమ్మ నిలబడి ఉంది, బస్సు దిగి నేరుగా వచ్చినట్లుంది. అప్పుడు తట్టింది నాకు. నా ఆట కోసం అంత దాచిన మనిషి, నేను ఆడగా ఒక్కసారి కూడా చూడలేదు.

కూత పెట్టి పోయాను. ఒక పిల్లను ముట్టి తిరిగాను. ఇంకో పిల్ల కింద పడి నా కుడి చీలమండ పట్టేసింది, ఇంకొకతె నడుము పట్టింది. మోకాలు తిరిగింది. టప్పుమంటుందని ఎదురుచూశాను. అనలేదు, నిలిచింది. ఇద్దరినీ ఈడ్చుకుంటూ గీత మీద పడ్డాను. మోచేతులు చీరుకుపోయాయి. కూత ఆగిపోయి రొప్పుతూ లేచి అమ్మ దగ్గరికి పోయాను.

అమ్మ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. నా మోకాలికంటిన మట్టిని కొంగుతో తుడిచింది, మచ్చ కనపడేదాకా.

"ఇంతేనా ఆట?" అంది. "దీనికేనా నేను అన్ని అబద్ధాలాడింది?"

ఆమె కళ్లు మైదానం వైపే ఉన్నాయి.

"సరిగ్గా సూడలేదు" అంది. "ఇంగోసారి పో."

పోయాను.